నెలకు 1800 రూపాయల కారు

ఈ సంచికకి ఏదైనా రాయమని సీనియర్లు అడిగినప్పుడు కవిత మాత్రం నా వల్ల కాదని ముందే చెప్పేశాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం, తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్. ఒత్తులు తప్పితే మేం సరిదిద్దుతాం అన్నారు కాబట్టి ధైర్యం చేసి, నాకు బాగా తెలిసిన ఒక విషయం మీద రాస్తున్నాను. అది మా ఇంటి కారు లెక్క. ఇంకో రెండేళ్లలో మనలో చాలామందికి ఆఫర్ లెటర్లు వస్తాయి. ఈ కారు లైను అందులో వెంటనే కాకపోయినా, నాలుగైదేళ్లకు ఒక ప్రమోషన్ తర్వాతైనా మన ముందుకు వస్తుంది. అప్పుడు ఇది గుర్తొస్తే చాలు.

2024 దసరా సెలవులకు ఇంటికి వెళ్లాను. మా నాన్న (ఇంట్లో డాడీ అనే పిలుస్తా, తెలుగు క్లబ్ కదా అని నాన్న అంటున్నా) పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో మేనేజర్. ఆ నెలలోనే ప్రమోషన్ వచ్చింది, దాంతోపాటు హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ కూడా. మీరిప్పుడు కార్ లీజ్ పథకానికి అర్హులు, కావాలంటే కంపెనీ తరఫున కారు తీసుకోవచ్చు, దాని అద్దె మీ జీతంలోంచి పోతుంది, వద్దంటే ఆ డబ్బు మామూలు జీతంగా వస్తుంది. ఇదీ దాని సారాంశం.

"బిడ్డా, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నవ్ కదా. జర ఇది లెక్కేసి చెప్పు" అన్నారు నాన్న. మొదటి సంవత్సరం నుంచి ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ల్యాప్‌టాప్ తెరిచాను.

ముందు ఈ పథకం ఎలా పనిచేస్తుందో చెప్తాను. కంపెనీ ఒక లీజు సంస్థ దగ్గర కారు అద్దెకు తీసుకుని మనకిస్తుంది. ఆ అద్దె మన జీతంలోంచి పన్ను పడకముందే పోతుంది. నాన్న 30 శాతం శ్లాబులో ఉన్నారు, 4 శాతం సెస్ కలిపితే 31.2 శాతం. అంటే వంద రూపాయల అద్దె కడితే మన జేబులోంచి నిజంగా పోయేది 68 రూపాయల 80 పైసలే.

అలాగని ప్రభుత్వం ఊరుకోదు. కంపెనీ కారులో పిల్లల్ని కాలేజీలో దింపితే, పెళ్లిళ్లకు వెళ్తే, అది కూడా ఒక రకం జీతమే. దాన్ని పెర్క్విజిట్ అంటారు. ఎంత జీతంగా చూడాలో అప్పట్లో 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో మూడో నిబంధన చెప్పేది. 2024-25లో ఉన్న అంకెలు ఇవి. ఆఫీసు పనికీ సొంత పనికీ కలిపి వాడుతూ, ఖర్చంతా కంపెనీయే పెడుతుంటే, ఇంజన్ 1.6 లీటర్ల లోపు ఉన్న కారుకి నెలకు 1800 రూపాయలు, అంతకు మించితే 2400. డ్రైవర్‌ని కూడా ఇస్తే ఇంకో 900. ఈ 1800 పన్ను కాదు, జీతానికి కలిపే మొత్తం. దాని మీద 31.2 శాతం అంటే నెలకు 562 రూపాయలు. మా హాస్టల్ రూమ్ వైఫై ఖర్చంత.

ఇక లెక్క. నాన్న చూసిన కారు ఆన్‌రోడ్ 12 లక్షలు. 48 నెలల లీజు, నెలకు 27 వేలు, ఇన్సూరెన్సూ సర్వీసింగూ అందులోనే. చివర్లో 2.5 లక్షలు కట్టి కారు మన పేరు మీదకు మార్చుకోవచ్చు. ఏడాదికి అద్దె 3,24,000. దాని మీద తప్పే పన్ను లక్షా వెయ్యి. పెర్క్విజిట్ మీద తిరిగి కట్టేది 6,700 పైచిలుకు. అంటే ఏడాదికి 94 వేలు మిగులు. నాలుగేళ్ల అద్దె, చివరి 2.5 లక్షలు కలిపి, ఈ మిగులు తీసేస్తే కారు మనకు 11.7 లక్షలకు వచ్చినట్టు.

అదే కారు సొంతంగా కొంటే? 3 లక్షలు ముందు కట్టి, 9 లక్షలు బ్యాంకు లోన్, 9 శాతం వడ్డీ, నాలుగేళ్లు. ఈఎంఐ దాదాపు 22,400. ఇన్సూరెన్స్, సర్వీసింగ్ ఇంకో లక్షా పాతిక వేలు వేసుకుంటే మొత్తం 15 లక్షలు. పెట్రోల్ రెండింటికీ వదిలేశాను. తేడా 3.3 లక్షలు! కంపెనీ కారు ఫస్ట్ క్లాస్‌లో డిస్టింక్షన్‌తో పాసైంది. నేను షీట్‌లో ఆ గడికి పచ్చ రంగు కూడా వేశాను.

తర్వాత లీజు కాగితం చదివాను. మధ్యలో ఉద్యోగం మానేస్తే, లేదా కంపెనీయే తీసేస్తే, మిగిలిన బాకీ అంతా ఒకేసారి కట్టి కారు తీసుకెళ్లాలి. కొత్త కంపెనీకి అదే లీజు సంస్థతో ఒప్పందం ఉంటే మాత్రం అక్కడికి మార్చుకోవచ్చు. 18వ నెలలో మానేస్తే ఎంత అని హెచ్‌ఆర్‌ని అడిగిస్తే, దాదాపు 9 లక్షలు అని చెప్పారు. సరే, షీట్‌లో ఇంకో గడి పెట్టాను. "ఈ ఉద్యోగంలో ఇంకా ఎన్ని నెలలు?"

"డాడీ, ఇక్కడ ఎంత వెయ్యాలి?" అని అడిగాను, ఇంజన్ సైజు అడిగినంత మామూలుగా.

నాన్న వెంటనే జవాబు చెప్పలేదు. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "అది ఖాళీగ ఉంచు బిడ్డా" అన్నారు కాసేపటికి. తర్వాత మెల్లగా చెప్పారు. వాళ్ల కంపెనీలో ఒక బ్లాక్ మూసేస్తున్నారట. నాన్నతోపాటు చేరిన ఇద్దరిని రాజీనామా చెయ్యమన్నారట. ప్రమోషన్ ఎవరికి వచ్చిందో, వాళ్ల జీతం ఎక్కువ కాబట్టి తర్వాతి లిస్టులో ఎవరుంటారో ఎవరికీ తెలీదు. ఆయన వయసు 49. ఈ సంగతి అమ్మకి కూడా అప్పటిదాకా చెప్పలేదు.

ఫార్ములాలో ఒక గడి ఖాళీగా ఉంటే షీట్ దాన్ని సున్నా అనుకుంటుంది. నాది కూడా అలాగే అనుకుంది. మొత్తం గడులన్నీ ఎర్రగా మారాయి.

సొంత కారైతే 18వ నెలకు బ్యాంకుకి ఇంకా 6 లక్షలు బాకీ. కారు 8.5 లక్షలకు అమ్మితే బాకీ పోను 2.5 చేతికొస్తాయి. లీజు కారైతే ముందు 9 లక్షలు ఎక్కడినుంచో తేవాలి, ఆ తర్వాతే అమ్ముకోవాలి. సొంత కారుకి ముందే 3 లక్షలు పెట్టాం కదా అని మీరడగొచ్చు. నిజమే. కానీ ఆ 3 లక్షలు జీతం వస్తున్న రోజుల్లో పెట్టినవి. ఈ 9 లక్షలు జీతం ఆగిన నెలలో అడుగుతారు. మొత్తం ఎంత అన్నదానికంటే ఏ నెలలో అన్నదే ఇల్లు నడిపేవాళ్లకు ముఖ్యమని ఆ రోజే అర్థమైంది. నేను చదివిన ఏ అల్గారిథమ్స్ క్లాసులోనూ ఇది లేదు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక షీట్‌ని నా రూమ్మేట్‌కి చూపించాను. తను రెండు ప్రశ్నలు అడిగింది. ఒకటి, నాలుగేళ్ల తర్వాత కారు విలువ ఎందుకు తీసెయ్యలేదు? నిజమే, మర్చిపోయా. రెండోది అసలు ప్రశ్న. "ఈ మెయిల్ రాకముందు మీరు ఏ కారు కొందామనుకున్నారు?"

5.5 లక్షల్లో ఒక సెకండ్ హ్యాండ్ చిన్న కారు! నలుగురం ఉన్న ఇంటికి అది చాలు, దానికి డబ్బు కూడా దాచుకున్నాం. మెయిల్ వచ్చిన గంటలో 12 లక్షల కారు మన కారైపోయింది, దాని మీద 3.3 లక్షలు మిగిలాయని సంబరపడ్డాం. చిన్న కారుకి నాలుగేళ్ల ఇన్సూరెన్స్, రిపేర్లు 1.6 లక్షలు వేసుకున్నా మొత్తం 7.1. చివర్లో అమ్మితే 3 లక్షలు వస్తాయనుకుంటే పోయేది 4.1 లక్షలు. కంపెనీ కారు 11.7లో, 6 లక్షలకు అమ్ముడుపోతుందనుకున్నా పోయేది 5.7. మనకు కావాల్సిన కారుతో పోలిస్తే పన్ను మిగిల్చిన కారే లక్షన్నర ఎక్కువ.

ఇది మా ఇంటి తెలివితక్కువతనం మాత్రమే కాదు, నిబంధన తయారైన తీరే అలా ఉంది. కారు ధర 7 లక్షలైనా 15 లక్షలైనా, ఇంజన్ 1.6 లీటర్ల లోపుంటే 2024-25లో కలిపింది అదే 1800. అద్దె పెరిగేకొద్దీ తప్పే పన్ను పెరుగుతుంది, కట్టే పన్ను మాత్రం కదలదు. ఇక ఎవరైనా పెద్ద కారే కదా తీసుకునేది?

ఇలాగే ఉండాలనేమీ లేదు. మా పెద్దనాన్న కొడుకు బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తాడు. అక్కడ కంపెనీ కారు మీద పన్ను దాని లిస్ట్ ధరను బట్టి, అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి పడుతుంది. 2024-25లో పూర్తి ఎలక్ట్రిక్ కారుకి ధరలో 2 శాతాన్నే ఆదాయంగా చూశారు. బాగా పొగ వదిలే కారుకి 37 శాతం. 40 వేల పౌండ్ల కారు, 40 శాతం శ్లాబు అనుకుంటే, ఎలక్ట్రిక్‌కి ఏడాదికి పన్ను 320 పౌండ్లు, ఆ రెండో కారుకి 5,920. అందుకే అన్నయ్య ఆఫీసులో వాళ్లు కంపెనీ కారంటే ఎలక్ట్రిక్ కారునే చూస్తారట. పన్ను నిబంధన ఎటు తోస్తే జనం అటే నడుస్తారు. మన దగ్గర అది పెద్ద కారు వైపు తోస్తోంది.

అలాగని కంపెనీ కారు మోసం అని నేననడం లేదు. జిల్లాలన్నీ తిరిగే సేల్స్ మేనేజర్‌కి అది చాలా మేలు. పూర్తిగా ఆఫీసు పనికే వాడితే, ప్రయాణాల వివరాలు రాసిపెట్టి, కంపెనీ సర్టిఫికెట్ ఇస్తే ఆ మొత్తం కూడా కలపరు. అదే కారు ఎలాగూ కొనేవాళ్లకి, 30 శాతం శ్లాబులో ఉండి నాలుగేళ్లు కదలమని నమ్మకం ఉన్నవాళ్లకి లాభమే. చిన్న శ్లాబులో ఉన్నవాళ్లకి మిగులు కూడా చిన్నదే, ముడి మాత్రం అంతే గట్టిది. కాబట్టి నా వాదన ఒక్కటే. ముందు మనకు ఏ కారు కావాలో తేల్చుకోవాలి. ఆ తర్వాతే దాన్ని ఏ దారిలో తెచ్చుకోవాలో లెక్కెయ్యాలి. మెయిల్ మనతో ఈ రెండూ తలకిందులుగా చేయిస్తుంది.

మూడో దారి కూడా ఒకటుంది, మెయిల్‌లో అది చివరి లైను. కారు మనదే, ఆఫీసు పనికి కూడా వాడతాం కాబట్టి పెట్రోల్, మెయింటెనెన్స్ బిల్లులు కంపెనీ ఇస్తుంది. 2024-25లో చిన్న ఇంజనైతే అందులో నెలకు 1800 దాకా పన్ను పడేది కాదు. కంపెనీ కారుకి ప్లస్‌లో వచ్చిన అంకే సొంత కారుకి మైనస్‌లో వచ్చింది. ఏడాదికి మిగిలేది ఆరు వేల ఏడొందలే. కానీ ఆర్‌సీ మీద పేరు మనది.

మేం ఆ దారే తీసుకున్నాం. ఐదున్నర లక్షల తెల్ల కారు, ముందు బంపర్ మీద ఎవరిదో పాత గీత ఒకటి. మీ ఉద్యోగాల నాటికి అంకెలు మారతాయి, ఆదాయపు పన్ను చట్టమే 2026 ఏప్రిల్ నుంచి కొత్తది. అందుకే నా అంకెలు కాపీ కొట్టకండి, ఆ గడిని మాత్రం మీ షీట్‌లో పెట్టుకోండి. మా షీట్‌లో అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నాన్న రోజూ పటాన్‌చెరు వెళ్లొస్తూనే ఉన్నారు. కాకపోతే సొంత కారులో వెళ్తున్నారు.