మతం అనే గడిలో ఏం రాయాలి?

రాత్రి స్టడీ అవర్ అయిపోయాక మన హాస్టల్లో ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. "అన్నమయ్య భక్తుడు, ఆయన మనకెందుకు?" అంటాడొకడు. "నాస్తికుల పుస్తకాలు చదివితే చెడిపోతాం" అంటాడింకొకడు. మేము ఈ రెండు మాటలూ ఒప్పుకోం.

అన్నమయ్య (1408-1503) మన కొండ మీది దేవుణ్ణి నమ్మినవాడు. బ్రాహ్మణుడు నిలిచే నేలా, చండాలుడు నిలిచే నేలా ఒకటేనని ఆ నమ్మకంతోనే పాడాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి హేతువాదిగా నిలిచి పురాణాలను నిలదీశాడు. ఎదురెదురు దారుల్లో వచ్చిన ఇద్దరూ మనకు పనికొచ్చే మాటే చెప్పారు. చలం 1950లో మనకు దగ్గర్లోని తిరువణ్ణామలైకి పోయి, రమణ మహర్షి భక్తుడై 1979లో అక్కడే కన్నుమూశాడు. అంతమాత్రాన ఆడవాళ్ళ గురించి ఆయన అంతకుముందు రాసిన నిజాలు అబద్ధాలైపోయాయా?

ఇక మన జాషువా. 'గబ్బిలం' (1941)లో గుడి గడప తొక్కనివ్వని అరుంధతీసుతుడు, ఆ గుడిలోనే తిరగగల గబ్బిలంతో కాశీ విశ్వనాథుడికి కబురంపుతాడు. అదే కవి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన్ని ఏ గడిలో రాస్తారు?

గడి అంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ. చలం మారితే అది ఆయన జీవితకథలో ఒక అధ్యాయం. మనం మారితే సర్టిఫికెట్, సీటు, స్కాలర్‌షిప్ అన్నీ మారిపోతాయి. అందుకే నమ్మేదీ నమ్మనిదీ పైకి చెప్పాలంటే మనలో చాలామందికి జంకు. ఆ జంకు మనం తెచ్చుకున్నది కాదు.

అప్లికేషన్ ఫారంలో ఆ గడిని తీసేయడం ఇవాళ మన చేతిలో లేదు. పుస్తకాల బీరువాలో పెట్టకుండా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, రచయిత ఏ దేవుడికి మొక్కాడని అడగొద్దు. గడప బయట నిలబెట్టిన మనిషి వైపు ఆయన చూశాడా లేదా, అదొక్కటి అడగండి. చూసిన ప్రతి ఒక్కరినీ చదవండి. చూడనివాళ్ళను కూడా చదివి, జవాబు రాయండి.