మరుగుపరచిన వ్యాధి మానదు

బేరిగై సీమలో జ్వరము వచ్చినవానిని ఆసుపత్రికి గొనిపోవుదుము. కాలు విరిగినవానికి కట్టు కట్టింతుము. మనసు చెడినవానిని మాత్రము లోపలి గదిలో దాచి, అడిగినవారికి "ఊరికి పోయినాడు" అని బొంకుదుము. ఈ బొంకునకు మనము పెట్టుకొన్న పేరు పరువు. తెలుగు కుటుంబముల గౌరవమును కొనియాడు ఈ సంచికలో, ఆ పరువు మాటున నలిగిపోవుచున్నవారిని గూర్చి నాలుగు కఠినమైన మాటలు చెప్పుట నా విధి యని తలంచుచున్నాను. చదువరులు మన్నింతురుగాక.

మొదట వ్యాధి యెట్టిదో తెలిసికొందము. బైపోలార్ వ్యాధి, అనగా ద్విధ్రువ మనోవ్యాధి, రెండు కొనల నడుమ మనిషిని ఈడ్చునది. గులాబీతోట గల ఒక యువకుని ఊహించుకొనుడు. వారము పది దినములుగా అతనికి నిద్ర అక్కరలేదు, అలసట లేదు, మాట ఆగదు. ఒకేసారి మూడు బోరుబావులు వేయింతుననును; అప్పు తెచ్చి కనబడినవారికెల్ల పంచును; అడ్డు చెప్పిన తండ్రిపై కన్నెఱ్ఱజేయును. ఊరివారు మొదట "ఎంత చుఱుకైనవాడు!" అందురు. కొన్ని మాసములకు అదే యువకుడు మంచము దిగడు. పూలు కోయు కూలీలు వాకిట నిలిచినను పలుకడు. తన బ్రతుకు దండుగ యనును. అప్పుడు ఊరు "సోమరి" యనును. ఆ మెప్పును తప్పే, ఈ నిందయు తప్పే. మొదటిది ఉద్రేకదశ, రెండవది విషాదదశ. రెండును ఒకే వ్యాధి ముఖములు.

ఉద్రేకము లేక విషాదమొక్కటే వచ్చువారును కలరు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరాడక, ప్రాణము పోవుచున్నదని బెదరిపోవువారును కలరు. అది ఆందోళన వ్యాధులలో ఒకటి. వీరి గుండెను ఎన్నిమారులు పరీక్షించినను దోషము కనబడదు. "నీకేమియు లేదు" అని ఇంటికి పంపుదురు. ఏమియు లేనివానికి రాత్రి నిద్ర ఏల రాదు?

"ధైర్యము తెచ్చుకొనుము" అని బోధించు పెద్దలకు భగవద్గీతనే గుర్తుచేయుదును. అర్జునునకు నోరెండెను, ఒడలు వణకెను, గాండీవము చేజారెను. శ్రీకృష్ణుడు మొదట మందలించెను. ఆ మందలింపుతో అర్జునుడు లేచినాడా? లేచియున్నచో గీత రెండవ అధ్యాయపు మొదటి శ్లోకములతోనే ముగిసియుండును. పిమ్మట ఎంతో ఓర్పుతో అతని సంశయములకెల్ల బదులు చెప్పవలసివచ్చెను. అర్జునునిది రోగమని నేననను. నిందించినంతమాత్రమున మనసు నిలువదని మాత్రము అందును.

ఇక "గాలి సోకినది" అనువారు. చరకసంహిత ఉన్మాదమునకు ప్రత్యేకాధ్యాయమునే కేటాయించి, వాతపిత్తకఫముల వికారమును కారణముగా జూపి మందులు చెప్పినది. గ్రహావేశమును గూర్చియు అందు కలదు. కాని వైద్యుని వలదను మాట లేదు. గుడికి పోవుట తప్పు కాదు. గుడికే పోయి వైద్యునికడకు పోకుండుట తప్పు. ఆ తప్పు ఎంతవరకు పోగలదో 2001 ఆగస్టు 6న మన రాష్ట్రమందే, రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, కన్నులార చూచితిమి. దర్గా మహిమచే నయమగునని బంధువులు విడిచిపోయిన రోగులు నిప్పంటుకొన్న పాకలో గొలుసులతో కట్టబడియుండి, పారిపోలేక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది. ఇనుప గొలుసు తెగినను పరువు గొలుసు తెగవలసియున్నది.

ఈ దాపరికము చికిత్సను సైతము చెఱచును. విషాదదశలో మాత్రమే వైద్యునికడకు పోయి, వెనుకటి ఉద్రేకమును "పరువుతక్కువ" యని చెప్పనివారు అనేకులు. అతడు విషాదమునకు మాత్రమే మందిచ్చును. బైపోలార్ వ్యాధిలో ఆ మందొక్కటే వాడినచో కొందఱికి ఉద్రేకము తిరిగి రేగును. అప్పుడు "ఇంగ్లీషు మందు పిచ్చి పుట్టించినది" అందుము. తప్పు మందుది కాదు, మనము మ్రింగిన మాటది.

మందు లేని వ్యాధి కాదిది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉద్రేకదశకు లిథియము పనిచేయునని ప్రకటించెను. నేటికిని అది ముఖ్యౌషధములలో ఒకటి. "అలవాటై పోవును" అని భయపడనక్కరలేదు. లిథియము మత్తుమందు కాదు. ఆందోళనకిచ్చు కొన్ని మాత్రలు మాత్రము అలవాటు కాగలవు. అవి వైద్యుని కనుసన్ననే వాడవలెను. లిథియము వాడువారు రక్తపరీక్షలు చేయించుకొనుచుండవలెను. ఎండలో చెమటోడ్చినపుడును, విరేచనములైనపుడును ఒడలిలో నీరు తగ్గి మందు విషము కాకుండ జాగ్రత్తపడవలెను. కుదిరినదని తలచి మన అంతట మనము మానరాదు. ఈ వ్యాధినే అనుభవించుచు, దానిపైననే ఆచార్యపదవి వహించిన అమెరికా విదుషీమణి కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ 1995లో తన కథను తానే లోకమునకు చెప్పుకొన్నది. ఆమె పరువు పోలేదు, పెరిగినది. కాని మన దేశమున 2015–16 జాతీయ మానసికారోగ్య సర్వేక్షణము ప్రకారము బైపోలార్ రోగులలో నూటికి సుమారు 70 మందికి చికిత్స అందుటలేదు.

మనకు దూరము సాకు కాజాలదు. బెంగుళూరి నిమ్హాన్స్ సంస్థ హొసూరు పేరుగల బాటపైననే యున్నది. అసలు అడ్డంకి భాష. బేరిగైలోని తెలుగు తల్లి హొసూరు, కృష్ణగిరి ఆసుపత్రులలో తమిళమున, బెంగుళూరిలో కన్నడమున తన బాధ చెప్పుకొనవలసివచ్చును. సంతలో బేరమాడుటకు ఆ భాషలు ఆమెకు చాలును. "దిగులు" అను మాటలోని బరువు చెప్పుటకు చాలవు. అందుచే బడిలో తమిళము నేర్చిన పదేండ్ల మనుమడు దుబాసి యగును. చావవలెనను తలంపు వచ్చుచున్నదని ఏ అవ్వ మనుమని నోట చెప్పించును? చికిత్సను గూర్చిన సమాచారము రోగికి తెలిసిన సరళభాషలో నుండవలెనని పైని చెప్పిన చట్టమే విధించుచున్నది. ఆ హక్కును మనమెన్నడైన అడిగితిమా? బడిలో తెలుగునకై విన్నపములు వ్రాసిన మన పెద్దలు ఆసుపత్రిలో తెలుగునకై ఒక్క విన్నపమైన వ్రాసిరా?

కావున తెలుగు సంఘములను నేను కోరునది ఇది. గుట్టు కాపాడగల పెద్దలను, స్త్రీలను దుబాసులుగా ఏర్పరచి రోగుల వెంట పంపుడు. మన ఊరి మాటలలో ఈ వ్యాధులను గూర్చి చిన్నపుస్తకము అచ్చువేయించి ఇంటింట పంచుడు. "పెండ్లి చేసిన కుదురును" అను మాటను సభాముఖమున ఖండింపుడు. పెండ్లి మందు కాదు, దాచి చేసిన పెండ్లి రెండు కుటుంబములకు ఉరి. మన నాటకములలో పిచ్చివాని వేషముతో నవ్వించుట మానుడు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ ఉచిత ఫోను సంఖ్య 14416 ప్రతి తెలుగింటి గోడపై వ్రాయింపుడు. అందు తెలుగునను మాటలాడవచ్చును. ఎవరైనను చావు మాట ఎత్తినచో గద్దింపక, ప్రక్కన కూర్చుండి సూటిగా అడుగుడు. అడిగినందున ఆ తలంపు పెరుగదు.

తరతరములుగా ఈ సీమలో తెలుగును నిలుపుకొంటిమని గర్వించుచున్నాము. పెండ్లిపాటలకు, పండుగ పద్యములకు మాత్రమే పనికివచ్చి, ఇంటిబిడ్డ ఏడ్పు చెప్పుకొనుటకు పనికిరాని భాషను నిలుపుకొని యేమి ఫలము? లోపలి గది తలుపు తీయుడు. అందున్నవాడును మనవాడే, వాడు పలుకలేకున్న మాటయు తెలుగే.