రోదసీయాత్రకు తిరుగుదారి

పుత్తూరు పేరు వినగానే తెలుగువారికి మొదట స్ఫురించునది ఎముకల కట్టు. కాలు విరిగినవారు, చేయి విరిగినవారు ఆంధ్రదేశమునుండియే గాక పొరుగు రాష్ట్రములనుండియు చిరకాలముగా ఆ ఊరికి వచ్చుచున్నారు. నూరిన ఆకు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డపీలికలు ఆ కట్టునకు సామగ్రి. దాని గుణదోషములను వైద్యశాస్త్రజ్ఞులు నిర్ణయింతురు గాక. విరిగిన ఎముకను కదలకుండ నిలిపి, అది అతుకువరకు ఓపిక పట్టవలెననుట మాత్రము దానికి మూలసూత్రము.

ఆ పుత్తూరునకు ఈశాన్యదిశను, సుమారు 80 కిలోమీటర్ల వాయుదూరమున, పులికాటు సరస్సునకు ఆవల శ్రీహరికోట ఉన్నది. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు స్థలములును అందులో చేరినవి. ఎముకలు అతుకు ఊరికిని, రాకెట్లు ఎగురు దీవికిని ఇరుగుపొరుగుతనము తప్ప వేరు సంబంధము లేదని తోచవచ్చును. కాని శ్రీహరికోటనుండి మనుష్యులను రోదసికి పంపుటకు గగనయాన్ ప్రయత్నము సాగుచున్న ఈ కాలమున ఒక సంబంధము కనబడుచున్నది. రోదసిలో మానవశరీరమునకు కలుగు హానులలో ముఖ్యమైనది ఎముకల క్షయము. రోదసీయాత్రను తలపెట్టు జాతికి ముందుగా అలవడవలసిన గుణము ఓపిక.

రోదసిలో గురుత్వాకర్షణ లేదని పలువురు విద్యార్థులు పరీక్షలలో వ్రాయుదురు. అది సరికాదు. 400 కిలోమీటర్ల ఎత్తున భూమ్యాకర్షణ నేలమీద ఉన్నదానిలో నూటికి సుమారు 90 వంతులు ఉండును. అక్కడ తిరుగు నౌక గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగముతో ముందునకు సాగుచు, అదే సమయమున నిరంతరము భూమివైపు పడుచుండును. భూమి గుండ్రముగా ఉండుటచేత, నౌక ఎంత పడినను నేల అంతకంతకు వంగి తప్పుకొనుచుండును. నౌకయు, అందులోని మనిషియు కలిసి పడుచుందురు గనుక మనిషి బరువు దేనిమీదను మోపబడదు. ఇదియే భారరహితస్థితి.

మోయవలసిన బరువు లేనప్పుడు శరీరము ఎముకను పోషింపదు. ఎముక జడమైన కర్ర కాదు. నిత్యము కొంత కరుగుచు, కొంత క్రొత్తగా కట్టుకొనుచుండు సజీవపదార్థము. బరువు పడినచోట అది బలపడును. పడనిచోట కరుగుట హెచ్చి, కట్టుట తగ్గును. తగిన వ్యాయామము లేనిచో తుంటి, వెన్ను మొదలగు బరువు మోయు ఎముకలు నెలకు నూటికి 1 నుండి 1.5 వంతు వరకు సాంద్రతను కోల్పోవునని అమెరికా సంస్థయగు నాసా చెప్పుచున్నది. కరిగిన కాల్షియము రక్తములో చేరి మూత్రపిండములలో రాళ్లు ఏర్పడుటకు దారితీయవచ్చును. అందుచేతనే అంతర్జాతీయ రోదసీ కేంద్రములో నివసించువారు దినమునకు రెండు గంటల కాలము వ్యాయామమునకు కేటాయింతురు. ఇది గాక, దీర్ఘకాలము అక్కడ ఉన్నవారిలో కొందరికి కంటి వెనుకభాగమున మార్పులు కలిగి చూపు మందగించుట, భూమి అయస్కాంతక్షేత్రపు నీడను దాటి పోయినకొలది వికిరణము హెచ్చుట అను చిక్కులు కూడ ఉన్నవి. అంగారకునికి ఒకవైపు ప్రయాణమే ఆరునుండి తొమ్మిది నెలలు పట్టును. విరిగిన ఎముకకు పుత్తూరులో కట్టు కట్టుదురు. విరుగకయే పలుచబడు ఎముకకు నడిదారిలో కట్టు కట్టువారు ఉండరు.

ఐనను మానవుడు ఈ మార్గమున సాధించిన పురోగతి స్వల్పము కాదు. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషములలో ఒక్కసారి భూప్రదక్షిణము చేసి వచ్చెను. ఆ నౌకకు మెత్తగా నేల దిగు శక్తి లేదు. కావున ఆయన సుమారు ఏడు కిలోమీటర్ల ఎత్తున నౌకనుండి బయటకు వెడలి, తన పారాషూటుతో వేరుగా దిగవలసివచ్చెను. 2000 నవంబరునుండి అంతర్జాతీయ రోదసీ కేంద్రములో మనుష్యసంచారము ఎడతెగక సాగినది. ఆ కేంద్రమునకు 2021లో బయలుదేరిన ఒక బృందమునకు నాయకుడైన రాజా చారి తండ్రి తెలంగాణమునుండి అమెరికాకు వెళ్లినవారు. ఆంధ్రప్రదేశ్‌లో జన్మించిన శిరీష బండ్ల 2021 జూలైలోను, గోపీ తోటకూర 2024 మేలోను ప్రైవేటు సంస్థల వాహనములలో కొన్ని నిమిషముల భారరహితస్థితిని అనుభవించి వచ్చిరి. కక్ష్యలో తిరుగుటకును, ఇట్లు పైకెగసి దిగుటకును ప్రయాసలో గొప్ప భేదము గలదు. కాని రెంటికిని తిరిగి వచ్చుట సమానమే.

ఈ తిరిగి వచ్చుటయే మానవరోదసీయాత్రను తక్కిన ప్రయోగములనుండి వేరుచేయుచున్నది. ఉపగ్రహమును కక్ష్యలో విడిచినంతనే రాకెట్టు పని తీరిపోవును. మనిషిని విడిచినప్పుడు పని సగమైనను కాలేదు. పైకి పోవుటకు రాకెట్టు పోసిన శక్తినంతటిని దిగివచ్చునప్పుడు వేడిమిరూపమున వదలించుకొనవలెను. గంటకు 28,000 కిలోమీటర్ల వేగమును వాయువు రాపిడితోను, పారాషూటులతోను సముద్రజలమును తాకదగినంత నెమ్మదికి తేవలెను. ఇందులో ఒక్క కవాటము, ఒక్క పలక, ఒక్క తాడు తప్పినను క్షమ లేదు.

చరిత్ర ఈ మాటకు సాక్ష్యము పలుకుచున్నది. 1967 జనవరి 27న అపోలో-1 నౌక నేలమీద పరీక్షలో ఉండగా, శుద్ధమైన ఆమ్లజనితో నిండిన గదిలో నిప్పు పుట్టి ముగ్గురు మరణించిరి. లోపలికి తెరచుకొను తలుపు వారికి సమయమునకు తెరచుకొనలేదు. అదే సంవత్సరము ఏప్రిల్ 24న సోయుజ్-1 పారాషూటు సరిగా విచ్చుకొనక వ్లదీమిర్ కొమరోవ్ మృతిచెందెను. అంతకుముందు మనుష్యులు లేకుండ జరిపిన సోయుజ్ పరీక్షలు ఒక్కటియు సవ్యముగా ముగియలేదు. 1971 జూన్ 30న సోయుజ్-11 తిరిగివచ్చుచుండగా ఒక కవాటము తెరచుకొని, గాలి వెలికి పోయి ముగ్గురు చనిపోయిరి. 1986 జనవరి 28న ఛాలెంజర్ 73 సెకన్లలో ఛిన్నాభిన్నమై ఏడుగురు మరణించిరి. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా తిరిగివచ్చుచు విరిగిపోగా, కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు మరణించిరి.

ఈ ఐదు దుర్ఘటనలలో 21 మంది ప్రాణములు పోయినవి. వీనిలో కడపటి రెండును ప్రత్యేకముగా విచారింపదగినవి. ఛాలెంజర్ బయలుదేరుటకు ముందటి రాత్రి, చలిలో రబ్బరు వలయములు బిగువు కోల్పోవునని ఇంజనీర్లు హెచ్చరించిరి. పై అధికారులు ఆ మాట త్రోసిపుచ్చిరి. కొలంబియా ఎగిరిన కొద్దిసేపటికే ఇంధనపు తొట్టినుండి ఊడిన నురుగుముక్క ఎడమ రెక్కకు తగిలినది. దానిని ఛాయాచిత్రములలో చూచిన ఇంజనీర్లు మరింత పరిశీలన కోరిరి, అది జరుగలేదు. అంతకుముందు పలుమార్లు నురుగు ఊడినను ప్రమాదము కలుగకపోవుటచే, లోపము క్రమముగా అలవాటుగా మారినది. ప్రమాదము తెలియక వచ్చినది కాదు. తెలిసినవాని మాట వినకపోవుటచే వచ్చినది.

దీనికి ప్రతిగా నిలుచు ఉదాహరణములును ఉన్నవి. 1983 సెప్టెంబరు 26న బైకనూరులో ఒక సోయుజ్ రాకెట్టు బయలుదేరుటకు ముందే అంటుకొనినది. శిఖరమున అమర్చిన ప్రాణరక్షక రాకెట్టు ఇద్దరు యాత్రికులున్న గదిని పైకి లాగి దూరముగా దింపినది. క్షణములలో క్రిందిభాగము పేలిపోయినది. ఆరునెలలు దాటగానే, 1984 ఏప్రిల్ 3న, అట్టి రాకెట్టుపైననే రాకేశ్ శర్మ రోదసికి వెళ్లి, దాదాపు ఎనిమిది దినములుండి క్షేమముగా తిరిగివచ్చెను. 2024లో బోయింగ్ వారి స్టార్‌లైనర్ నౌకలో హీలియము కారుటయు, చోదకయంత్రములు మొరాయించుటయు చూచి, నాసా ఆ నౌకను ఖాళీగా దింపించినది. ఎనిమిది దినములకని వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 286 దినములు ఉండి, 2025 మార్చిలో వేరొక నౌకలో వచ్చిరి. లోకము పరిహసించినది, ప్రాణములు నిలిచినవి.

శుభాంశు శుక్లా యాత్రయు ఇట్టిదే. 2025 మే 29న జరుగవలసిన ఆ ప్రయాణము పలుమార్లు వాయిదా పడి జూన్ 25న జరిగినది. నడుమ రాకెట్టులో ద్రవ ఆమ్లజని కారుచున్నట్లు బయటపడినది. దానిని బాగుచేసి, పరీక్షించిన పిమ్మటనే బయలుదేరవలెనని ఇస్రో బృందము పట్టుపట్టినది. జూలై 15న ఆయన సముద్రమున దిగెను. ఆ వారముల ఆలస్యమును నేడు ఎవ్వరును తలపరు. ఆ దినము తొందరపడి యున్నచో ఏమయ్యెడిదో ఎవ్వరును చెప్పజాలరు.

ఈ దృష్టితో గగనయాన్‌ను చూడవలెను. ముగ్గురిని 400 కిలోమీటర్ల ఎత్తునకు పంపి, మూడు దినముల లోపల సముద్రమున దింపవలెనను సంకల్పమిది. ఇందుకు ఎన్నుకొన్న రాకెట్టునకు ఇరుప్రక్కల ఉండు ఘనేంధన స్తంభములలో ఒక్కొక్కదానిలో సుమారు 200 టన్నుల ఇంధనముండును. ఒకసారి అంటుకొన్న ఘనేంధనమును ఆర్పుట సాధ్యము కాదు. కనుక యాత్రికుల గదిని రాకెట్టునుండి తప్పించు సాధనము సిద్ధము కానిదే మనిషిని ఎక్కింపరాదు. ఆ సాధనమును 2018 జూలై 5న నేలనుండియు, 2023 అక్టోబరు 21న ఆకాశముననుండియు శ్రీహరికోటలో పరీక్షించిరి. ఆ గదిని నెమ్మదిగా దింపుటకు పది పారాషూటులు ఒక క్రమమున విచ్చుకొనవలెను. ఆ క్రమమును చూచుటకు 2025 ఆగస్టు 24న సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తునుండి ఒక నమూనాను హెలికాప్టరు ద్వారా జారవిడిచిరి.

2023 నాటి పరీక్షలో ఒక విశేషము గలదు. బయలుదేరుటకు ఐదు సెకన్లు ఉండగా, యంత్రము మండుటలో తేడా కనిపెట్టి కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసినది. కారణమును కనుగొని సరిదిద్దిన మీదట, ఆ దినముననే పది గంటలకు ప్రయోగము జరిపిరి. చూచువారికి అది ఆశాభంగముగా తోచి యుండవచ్చును. కాని ఆ ఐదు సెకన్ల దగ్గర ఆగుటయే మానవరోదసీయాత్రకు అసలైన అర్హత. ఎగురుట అన్ని రాకెట్లును నేర్చినవే. ఆగుట నేర్చిన రాకెట్టే మనిషిని ఎక్కించుకొనదగినది.

ఇక ఆలస్యమునుగూర్చిన విమర్శ. 2022 నాటికి భారతీయుడు మన నౌకలో రోదసికి వెళ్లునని 2018 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించిరి. ఆ గడువు దాటిపోయినది. 2024 సెప్టెంబరులో, రోదసీ కేంద్రపు మొదటి భాగమును, అదనపు ప్రయోగములను కూడ కలిపి, ఈ కార్యక్రమపు మొత్తము వ్యయమును 20,193 కోట్ల రూపాయలకు పెంచిరి. ప్రజల సొమ్ము గనుక ప్రజలకు అడుగు హక్కు గలదు. మనుష్యులు లేకయే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రునిపై దిగినది గదా, మనిషిని పంపుట ఏల అని అడుగువారును ఉన్నారు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. 2019లో చంద్రయాన్-2 దిగునౌక కూలినప్పుడు ఒక యంత్రము పోయినది. నాలుగేండ్లకు మరియొకటి దిగినది. మనిషి విషయమున అట్టి రెండవ అవకాశము లేదు. ఎంతో కాలముగా నమ్మకము పొందిన పీఎస్ఎల్వీ రాకెట్టు సైతము 2025 మే 18న మూడవ దశలో విఫలమైనది.

మనిషిని పంపుటలో విజ్ఞానప్రయోజనము ఎంత, ప్రతిష్ఠాకాంక్ష ఎంత అని విడదీసి తూచుట కష్టము. యంత్రమునకు ముందుగా నేర్పని పనిని మనిషి అక్కడికక్కడ ఆలోచించి చేయగలడు. అది ఒక లాభము. కాని ప్రతిష్ఠ పాలు హెచ్చినకొలది తేదీల ఒత్తిడి హెచ్చును. తేదీల ఒత్తిడి హెచ్చినచోట ఇంజనీరు గొంతు తగ్గును. ఛాలెంజర్ చరిత్ర చెప్పునది ఇదియే. కావున ప్రజలు అడుగవలసిన ప్రశ్న “ఎప్పుడు?” అనునది కాదు. “ఏ పరీక్ష ముగిసినది? ఏది తప్పినది? ఎందుచేత తప్పినది?” అని అడుగవలెను. సంస్థయు ఈ ప్రశ్నలకు దాపరికము లేక సమాధానము చెప్పవలెను. వైఫల్యమును మరుగుపరచి ఓపిక పట్టుడని కోరుట న్యాయము కాదు. ఓపిక ప్రజల ధర్మమైనచో, నిజము చెప్పుట సంస్థ ధర్మము.

ఈ విషయమున ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి గలదు. ఆకాశము నిర్మలముగా ఉన్న దినములలో శ్రీహరికోట రాకెట్టు వెలుగు చుట్టుపట్ల ఊళ్లవారికి కనబడును. పిల్లలు చప్పట్లు కొట్టుదురు, అది సహజము. కాని ప్రయోగము ఆగిపోయిన దినము పాఠమునకు అంతకంటె తగిన దినము. ఏ కవాటము కారినది, ఏ కంప్యూటరు ఎందులకు ఆపినది, ఆగినందువలన ఏమి దక్కినది అని తరగతిలో చర్చించినచో, విద్యార్థికి భౌతికశాస్త్రముతోపాటు పౌరధర్మము కూడ తెలియును. అట్లు పెరిగినవారిలో ఒకరు రేపు శ్రీహరికోట నియంత్రణగదిలో కూర్చుండవచ్చును. దేశమంతయు కన్నులార్పక చూచుచుండగా, ఐదు సెకన్ల ముందు “ఆపుడు” అని పలుకవలసిన గడియ వారికి రావచ్చును. ఆ మాటను జంకు లేక పలుకువానిని, దానిని మన్నించి విను దేశమును తయారుచేయుట రాకెట్టును తయారుచేయుటకంటె తక్కువ పని కాదు.