కారవాన్ భక్తుల సరోవరయాత్ర

“మన దగ్గర లేకులెక్కడున్నాయి మామయ్యా? ఉన్నవన్నీ డ్రైనేజీ గుంటలే కదా! లేక్ చూడాలంటే ఆర్వీ తీసుకుని పోవాలి, ఒడ్డునే రెండు రాత్రులుండాలి. ఆ మజాయే వేరు!” అని, ఇటీవల నాగోలులో జరిగిన ఒక గృహప్రవేశపు విందులో, డల్లాసునుండి సెలవులకు వచ్చిన మా బంధువుల అబ్బాయి యొకడు పెరుగన్నములో ఆవకాయ నంజుకొనుచు సెలవిచ్చెను. ఆ పిల్లవానిమీద నాకు కోపము లేదు. జీతమును, సెలవును, సరోవరమును మూడును పరదేశముననే అలవడినవాడు అట్లు పలుకుట వింత గాదు. నా కోపమెల్ల, మూసీనదిమీది గాలి పంక్తిలో అందఱి ముక్కులకు సోకుచుండగనే “నిజమేరా, నిజమే” యని తలలూపిన పెద్దలమీద. వారిలో ఇద్దరు ఈ ప్రాంతముననే పుట్టి, చిన్ననాడు చెరువుకట్టలమీద గొడ్లను తోలినవారు. పెద్దవారైన పిమ్మట ఆ చెరువుల శిఖమునే చదరపు గజముల లెక్కన కొని మేడలు కట్టినవారు. ఇప్పుడా మేడలపైన నిలుచుండి, ఇక్కడ చూడదగిన నీళ్లు లేవని విచారించుచున్నవారు.

ఈ వెఱ్ఱి మన నగరమున బాగుగ ముదిరినది. ఆ అబ్బాయి చెప్పిన ఆర్వీ వంటి బండినే ఇక్కడ కారవాన్ అందురు. ఒకప్పుడు కారవాన్ అనిన సినిమావారి సొత్తు. కథానాయకుడు రెండు షాట్ల నడుమ మొగమునకు రంగు సరిచేయించుకొనుచు చల్లగా కూర్చుండు బండి. కేరళ ప్రభుత్వము 2021లో కారవాన్ పర్యాటకమునకై ఒక విధానమును ప్రకటించినది మొదలు ఇరుగుపొరుగు రాష్ట్రములకును ఆ మోజు సోకినది. ఆంధ్రప్రదేశ్ కూడ ఇటీవల ఆ దారినే పట్టినది. మంచములు, పొయ్యి, ఫ్రిజ్, స్నానపుగది, టీవీ, ఏసీ సమస్తమును ఒక బస్సులో బిగించి, దానిమీద ఒక కొండ బొమ్మయు ఒక సరస్సు బొమ్మయు వేయించి, “ప్రకృతి ఒడిలోకి రండి” యని మన ఫోనులనిండ ప్రకటనలు గుప్పించుచున్నారు. ప్రకృతి యొడిలోనికి పోవువాడు ఏసీ యంత్రమునేల మోసికొనిపోవలెనో ఆ ప్రకటన రచించిన మహానుభావుడే చెప్పవలయును. ఈ కారవాన్ భక్తుల సిద్ధాంతము నాకు బోధపడినంతవఱకు ఇంతే: సరోవరము యొక్క సౌందర్యము మన యింటినుండి దానికి గల దూరమును బట్టియు, దానిని చేరుటకు చెల్లించిన అద్దెను బట్టియు పెరుగును, ఇంటిప్రక్కన ఉచితముగ కనబడు నీరు నీరే కాదు.

పోనిండు, వారి యాత్రామార్గముననే కొంతదూరము పోయి చూతము. నాగోలునుండి లక్నవరము చెరువునకు పోదలచినవాడు మెట్రో స్టేషను దాటి, ఉప్పల్ రింగురోడ్డు కూడలిని ఎట్లో ఈది, వరంగల్ దారి పట్టవలె. ఆ దారిమీద 2018లో మొదలుపెట్టిన నారపల్లి ఫ్లైఓవరు ఏండ్లతరబడి ఒంటి స్తంభములుగనే నిలిచిపోవుటచేత, ఆ స్తంభముల క్రింద దుమ్ము మ్రింగుచు, వర్షమువచ్చిన నాడు గుంత ఏదో నేల ఏదో తెలియక ద్విచక్రవాహనములతో సహా కూలబడుచు, ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ ప్రజలు పడిన పాట్లు వేఱొక వ్యాసమునకు చాలినన్ని కలవు. ఆ సంగతి ఎత్తుకొన్నచో నాకు రక్తపుపోటు పెరుగును గనుక విడిచిపెట్టుచున్నాను. నేను చెప్పదలచిన దేమన, ఆ ఇరుకులో నత్తనడక నడచు కారవాన్ సరిగా ఉప్పల్ నల్లచెరువు సమీపముననే చాలసేపు నిలిచిపోవును. కట్టినవారు ఏ కాలమున కట్టిరో గాని, ఇప్పటికిని అది చెరువే. గుఱ్ఱపుడెక్క సగము నీటిని పచ్చగా కప్పియుండును. ఆ ఆకులమీద నీటికోళ్లు కాళ్లు తడువకుండ నడచుచుండును. తెరపిగ మిగిలిన సగములో తెల్లకొంగ యొకటి, ప్రక్కన తేలుచున్న చిప్సు పొట్లమును చేపయని భ్రమపడి ఒకమాఱు పొడిచి, మెడ వెనుకకు తీసికొనును. బండిలోని పిల్లవాడు “నాన్నా, అది లేకా?” అని అడుగును. “కాదు, వాసన వస్తోంది, అద్దం ఎత్తు” అని తండ్రి. ఇన్నూఱు కిలోమీటర్లకు పైబడిన సరోవరయాత్ర ఈవిధముగ ఒక సరోవరమునకు అద్దమెత్తుటతో ఆరంభమగుచున్నది.

ఆ వాసన ఎక్కడనుండి వచ్చినదో అడుగువాడు లేడు. మూసీ సంగతియు అంతే. మొన్నటి ఆదివారము ప్రొద్దుటిపూట నాగోలు వంతెనమీద ఒక పెద్దకారు ఆగినది. దాని టాపుమీద మడిచిన గుడారము, మడతకుర్చీలు కట్టియున్నవి. విహారమునకు పోవుచున్నారనుట స్పష్టము. ముందుసీటులోని గృహస్థుడు దిగి, వాడిన చామంతులు, కొబ్బరిచిప్పలు, దేవుని పటము అద్దముతో సహా కుక్కిన నల్లని పాలిథిన్ సంచిని రెండుచేతుల కన్నులకద్దుకొని మూసీలోనికి విసిరివేసి, చేతులు దులిపికొని కారెక్కెను. క్రింద ఒడ్డున పశువులకై గడ్డి కోసి మోపులు కట్టుచున్న స్త్రీ ఒకతె తలయెత్తి చూచి, సంచి పడిన చోటునుండి రెండడుగులు జరిగి, మఱల కోతకు వంగెను. ఆ నదీతీరముననే, నాగోలులో, దినమునకు 17 కోట్ల 20 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయు కేంద్రమున్నది. అది శుద్ధిచేయవలసినది కాలువల మురుగును. ఈ గృహస్థుని భక్తిని శుద్ధిచేయు యంత్రమును ఇంకను ఎవ్వరును కనిపెట్టలేదు.

ఇంతకును అమెరికాను చూచి వచ్చినవారు అక్కడిదానిని సరిగా చూచిరా యని నా సందేహము. ఆర్వీ యను బండిలో మూడు తొట్లుండును: ఒకదానిలో మంచినీరు, ఒకదానిలో స్నానపు, వంటయింటి మురుగు, మూడవదానిలో మలమూత్రములు. మూడవదానిని ఎక్కడపడిన అక్కడ తెఱచుటకు వీలులేదు. దానికని ఏర్పఱచిన స్థలమునకు బండిని తీసికొనిపోయి, గొట్టము తగిలించి, చేతులకు తొడుగులు వేసికొని తామే ఖాళీ చేసికొనవలె. డల్లాసులో పెద్ద యుద్యోగము చేయు మనవాడు అక్కడ ఆ పనిని కిక్కురుమనక చేయును. కాలిఫోర్నియా, నెవాడాల సరిహద్దున నున్న తాహో సరోవరమునకు లక్షలాది జనులు పోవుదురు. ఆ సరోవరపు టొడ్డున నున్న ఊళ్ల మురుగును శుద్ధిచేసిన పిమ్మటకూడ ఆ నీటిలో వదలరాదని, కొండలు దాటించి ఆ పరీవాహమునకు వెలుపలికి పంపవలయునని వారు 1960ల నాటినుండియు కట్టుబాటు చేసికొని, గొట్టములు వేసి నీటిని పైకి తోడి పంపుచున్నారు. నీలముగా నున్నదని మనవారు ఫొటో తీసికొని వచ్చిన నీలిమ వెనుక ఇంత చాకిరి కలదు. మనవారు బండి బొమ్మను తెచ్చుకొనిరి. ఆ గొట్టమును, ఆ చేతితొడుగులను అక్కడనే మఱచి వచ్చిరి. మన చెరువుకట్టమీద రెండు రాత్రులు నిలిచిన కారవాన్ మూడవనాటి ప్రొద్దున తన మూడవ తొట్టిని ఎక్కడ తెఱచును? ఈ ప్రశ్నను ఆనాటి విందులోనే అడిగితిని. ఆ అబ్బాయి “అదేదో టూరిజం వాళ్లు చూసుకుంటారు లెండి” అనెను. పెద్దలు మఱల తలలూపిరి.

ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్ సంగతియు విందున వచ్చినది. మహత్తరమైన సరోవరమే, కాదనను. సుమారు 7,700 ఏండ్ల క్రిందట ఒక అగ్నిపర్వతము బ్రద్దలై తనలో తాను కూలిపోగా ఏర్పడిన గుండము. లోతు 594 మీటర్లు. దానిలోనికి వచ్చు నది లేదు, దానినుండి పోవు నది లేదు. మంచును వానయుమాత్రమే దానిని నింపును. అట్టిదానిని ఎవడును త్రవ్వలేదు గనుక, ఒడ్డున నిలుచుండి చూచి చేతులు జోడించుటకంటె మనుష్యుడు చేయదగిన పని అక్కడ లేదు. కాని లక్నవరమో? రామప్పచెరువో? పాకాలో? కాకతీయులనాటి జనులు రెండు కొండల నడుమ కట్ట వేసి, రాతి తూములు అమర్చి, మిగులునీరు పోవుటకు మత్తడి కట్టి, క్రింద పొలములకు కాలువలు తీసి చేసిన పని అది. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్పగుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినపుడు మనము పొంగిపోతిమి. గుడితోపాటు చెరువును త్రవ్వించిన బుద్ధిని మాత్రము ఎవ్వరును గుర్తించలేదు. ఊయలవంతెనమీద సెల్ఫీ తీసికొనుటకు లక్నవరము పోయిన మావారొకరు, వేసవిలో నీరు దిగిపోయి ద్వీపముల చుట్టు బురద కనబడుచున్నదనియు, “నీళ్లు వదిలేస్తున్నారు, మెయింటెనెన్స్ లేదు” అనియు మండిపడిరి. అయ్యా, ఆ నీరు గోవిందరావుపేట పొలములకు పోయినది! చెరువు కట్టినదే అందుకు. రైతు నాటిన వరిపైరు ఎండిన నేమి, తమ పడవ షికారునకు నీరు నిండుగ నుండవలెనని కోరుట ఏ ప్రకృతిప్రేమ?

కడపజిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెరువు కట్టించి వేయించినది. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల పని యని దానిలోనే వ్రాసియున్నది. మంచి చెరువునకు పండ్రెండు సాధనములును, ఆఱు దోషములును అందు లెక్కించిరి. కట్టనుండి నీరు ఊటగా కారుట, చవిటినేల, నడుమ మెట్ట, కొంచెపు నీటికి విస్తారమైన నేల, ఇట్లు పోవుచు, రెండు రాజ్యముల సరిహద్దున నుండుటయు చెరువునకు దోషమే యనిరి. మన ఉప్పల్ చెరువులను ఆ శాసనకర్త చూచిన నేమనునో! ఒక చెరువుమీద రెవిన్యూవారి రాజ్యము, నీటిపారుదలవారి రాజ్యము, నగరపాలకుల రాజ్యము, నగరాభివృద్ధి సంస్థయైన హెచ్.ఎం.డి.ఏ. రాజ్యము, ఇప్పుడు చెరువుల ఆక్రమణలను తొలగించు హైడ్రా రాజ్యము. ఇన్ని రాజ్యములు నడుమ నుండగ చెరువు ఎవ్వరి ప్రజయు గాక పోయినది. పండ్రెండు సాధనములలో కారవాన్ పార్కింగు లేదని మాత్రము మనవి చేయుచున్నాను.

నీటిని మనము మఱచినను నీరు తన తోవను మఱవదనుట 2020 అక్టోబరు నడుమ ఒక రాత్రి ఈ ప్రాంతమునకు తెలిసివచ్చినది. రామంతాపురము చెరువు పొంగి హబ్సిగూడ వీథులలోనికి దిగెను, నాగోలు, బండ్లగూడ కాలనీలలో నేలయంతస్తు ఇండ్లు మునిగెను, కార్లు తేలెను. గొలుసుకట్టు చెరువులలో పైదాని మత్తడి దుమికిన నీరు క్రిందిదానికి పోవలె. ఆ నడుమ కాలువను గజము గజముగ అమ్ముకొన్నపుడు నీరు ఇంటి గడప ఎక్కక ఎక్కడికి పోవును? ఆనాడు మేడమీద రెండు రాత్రులు చీకటిలో కూర్చున్నవారు, చుట్టును నీరున్నను, దానిని క్యాంపింగ్ అని పిలువలేదు.

పర్యాటకమువలన ఊళ్లకు డబ్బు వచ్చుననువారున్నారు. రావచ్చును, టీకొట్టుకు, చేపలవేపుడు బండికి కొంత వచ్చును, తక్కినది బండి అద్దెలవారికి పోవును. పిల్లలకు ప్రకృతి పరిచయమగుననువారున్నారు. వారి పిల్లలు ఆ ఒడ్డున ఏమి చేయుదురో చూచితిని: ఫోను చార్జింగు అయిపోయినదని ఏడ్చుదురు. ఇక నిశ్శబ్దము కొఱకు పోవుదుమనువారికి ఏమని జవాబు చెప్పుదును? మంట వేసి, ఆ మంటచుట్టు స్పీకర్లు పెట్టి, అర్ధరాత్రి దాటువఱకు డీజే పాటలతో అడవిలోని గుడ్లగూబను సైతము లేపినవారు, తిరిగివచ్చి “ఎంత పీస్‌ఫుల్‌గా ఉందో!” అనుచున్నారు.

మఱి ఏమి చేయవలెనని అడుగుదురేమో. నావద్ద పెద్ద పథకము లేదు. ఉన్నను ఆలకించువా రెవరు? అంబర్‌పేటలో బతుకమ్మకుంట యనునది చెత్తతో పూడి, తుప్పలు మొలిచి, కుంటయన్న పేరు కాగితములలో మాత్రము మిగిలియుండెను. మిగిలిన అయిదెకరముల చిల్లర నేలలో 2025లో హైడ్రావారు కొన్ని అడుగులు త్రవ్వగానే నీరు ఊరెను. ఆ ఏటి సెప్టెంబరులోనే స్త్రీలు ఆ యొడ్డున బతుకమ్మ ఆడిరి. ఉప్పల్ నల్లచెరువు పేరును ఆ సంస్థ మొదటి విడత పట్టికలో నున్నది. పట్టికలో నుండుటకును పని జరుగుటకును నడుమ ప్రజలు అడుగుట యన్న దొకటి కావలెను. కారవాన్ బుక్కు చేసికొనుటకు నెల ముందుగ ఫోను చేయువారు, తమ చెరువు హద్దు ఎంతవఱకో చెప్పుమని కార్యాలయమునకు ఒక్క యర్జీ ఏల పెట్టరో నాకు తెలియదు.

కావున నాగోలు, ఉప్పల్, నాచారము వాసులకు నా మనవి. ఈ వానకాలము గడచులోపల మీ ఇంటికి దగ్గఱనున్న చెరువు ఏదో కనుగొనుడు. దాని కట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో ఒకమాఱు నడిచి చూడుడు. తూము ఏది, మత్తడి ఏది, కట్టమైసమ్మ గుడి వెనుక కాలువ ఏ అపార్టుమెంటు క్రింద మాయమైనది, ఊరిలో మిగిలిన ముసలివాని నెవరినైన వెంటబెట్టుకొని అడుగుడు. హెచ్.ఎం.డి.ఏ. వారి పటములో ఆ చెరువు పూర్తి నీటిమట్టపు గీత ఎక్కడ నున్నదో చూచి, మీ ఇల్లు దాని లోపల నున్నదో వెలుపల నున్నదో కూడ తెలిసికొనుడు. అటుపిమ్మట లక్నవరము పోయెదరో, ఒరెగాన్ పోయెదరో, మీ యిష్టము. వరంగల్ దారిన పోవుచో నల్లచెరువు దగ్గఱ మాత్రము అద్దము దింపి, పిల్లవాడు అడిగినపుడు అది చెరువేనని చెప్పుడు.