పొగను పసిగట్టి... కూత పెడుతుంది!

2025 మే 18, ఆదివారం ఉదయం. హైదరాబాద్ చార్మినార్ దగ్గరి గుల్జార్‌హౌజ్‌లో కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఇంట్లో మంటలు రేగాయి. 17 మంది చనిపోయారు. ఎక్కువమందిని బలి తీసుకుంది మంట కాదు... పొగ! గాఢనిద్రలో ముక్కు మనల్ని లేపుతుందన్న నమ్మకం లేదు. చెవి లేపుతుంది. స్మోక్ అలారం పని అదే. జూపాడు బంగ్లాలో అయినా, హైదరాబాద్‌లో అయినా కింద కొట్టు, పైన కాపురం ఉంటే ఇది మరీ అవసరం.

కొనేటప్పుడు 'ఫొటోఎలక్ట్రిక్' రకం అడగండి. పరుపులాంటివి నిదానంగా రాజుకున్నప్పుడు వచ్చే పొగను ఇది త్వరగా పసిగడుతుంది. పొగ పైకి లేస్తుంది కాబట్టి పైకప్పుకు బిగించాలి. పడగ్గదికొకటి, వాటి బయట ఒకటి, అంతస్తుకొకటి ఉంటే మేలు. ఫ్యాను రెక్కలకు 3 అడుగులు, పొయ్యికి 10 అడుగులు ఎడంగా ఉంచండి. లేదంటే తాలింపు పెట్టినప్పుడల్లా మోతే! విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తే అలారం ఉన్నా లేనట్టే.

వంటగ్యాస్ గాలికన్నా బరువు. దాని అలారం వేరు, నేలకు అడుగు ఎత్తులోనే పెట్టాలి.

నెలకోసారి బటన్ నొక్కి చూడండి. బ్యాటరీని ఏటా, అలారాన్ని పదేళ్లకోసారి మార్చండి. ఆ మోత పిల్లలకూ ఒకసారి వినిపించండి. మోగితే... నగలూ నోట్లూ వెతకొద్దు. ముందు బయటికి, ఆ తర్వాతే 101కి ఫోన్!