పాత కారు కొనేముందు: ఒక్కరోజు సాక్ష్యం, పదేళ్ళ చిట్టా

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్ వెళ్ళిన మన పిల్లలు కుటుంబంతో స్థిరపడగానే ఒక పాత కారు కోసం వెదకడం సహజం. భార్యాబిడ్డలతో తిరగడానికి కొంచెం ఎత్తుగా, ఇరుకు వీధుల్లో ఇమిడేటంత చిన్నగా ఉండే ఎస్‌యూవీ వారికి నచ్చుతుంది. డబ్బులో కొంత ఇక్కడి పెద్దలు సర్దుతారు. దానితోపాటు సలహా కూడా ఇక్కడి నుండే వెళుతుంది. "ఎం.ఓ.టి. పాసైందట నాన్నా" అని కొడుకు చెప్పగానే, "అయితే ఇంకేం, తీసుకో" అనడం మనకు అలవాటు. ఆ మాట అనే ముందు ఆ పత్రం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో తెలుసుకోవడం అవసరమని మేము భావిస్తున్నాము.

మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఫిట్‌నెస్ పరీక్ష ప్రసక్తి ఆ తరువాతే వస్తుంది. బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ కారుకు మూడేళ్ళు నిండినప్పటి నుండి ఏటా పరీక్ష జరగాలి. ఉత్తర ఐర్లండ్‌లో మాత్రం నాలుగేళ్ళ తరువాత మొదలవుతుంది. 1960లో అక్కడి రవాణా మంత్రిత్వ శాఖ ఈ పరీక్షను ప్రవేశపెట్టింది. ఆ శాఖ ఆంగ్ల నామంలోని తొలి అక్షరాలే నేటికీ దాని పేరుగా నిలిచాయి.

ఈ పరీక్షలో కొనుగోలుదారుకు అన్నిటికంటే ఉపకరించేది దాని చిట్టా. కారు నంబరు తెలిస్తే చాలు, 2005 నుండి జరిగిన పరీక్షల ఫలితాలను ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఏ తేదీన పరీక్ష జరిగింది, పాసైందా తప్పిందా, తప్పితే ఏ లోపం వలన, ఆనాటికి మీటరు ఎన్ని మైళ్ళు చూపింది అన్నవి అందులో ఉంటాయి. 2018 మే నుండి లోపాలను మూడు తరగతులుగా విభజిస్తున్నారు: ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి. మొదటి రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా కారు తప్పినట్లే. ఇవి గాక, ఇప్పటికి పాసైనా మున్ముందు గమనించవలసినవాటిని సూచనలుగా రాసి ఉంచుతారు.

పాఠకులు ముఖ్యంగా చదవవలసినవి ఈ సూచనలే. ముందు బ్రేకు ప్యాడ్లు అరుగుతున్నాయని ఒక ఏడు రాశారనుకుందాం. మరుసటి ఏడు అదే మాట మళ్ళీ కనిపించి, మూడో ఏడు అదే బ్రేకు వద్ద కారు తప్పిందనుకుందాం. ఆ యజమాని చెప్పినది వినే మనిషి కాడని, తప్పనిసరి అయితే తప్ప కారుపై ఖర్చు పెట్టలేదని అర్థం. అలాంటివాడు ఇంజిన్ ఆయిల్‌ను వేళకు మార్పించి ఉంటాడని నమ్మడం కష్టం. దీనికి భిన్నంగా, ఒక ఏడు తప్పినా లోపాన్ని వెంటనే సరిచేయించి, మరుసటి ఏడు సూచనలేవీ లేకుండా పాసైన కారును సందేహించనవసరం లేదు. తప్పిన కారు చెడ్డది, పాసైన కారు మంచిది అనే లెక్క అందుకే సరికాదు. మైళ్ళ అంకె ఏటికేడు పెరగాలి. ఎక్కడైనా తగ్గితే అది రాతలో పొరపాటో, మీటరు వెనక్కి తిప్పిన మోసమో తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇంగ్లండులోని సండర్లండ్ పట్టణంలో తయారయ్యే నిసాన్ కష్కాయ్ అక్కడ ఎక్కువగా కనిపించే చిన్న ఎస్‌యూవీలలో ఒకటి. ఇరాన్‌లోని షీరాజ్ పరిసరాలలో సంచరించే ఒక పశుపోషక జాతి పేరే దానికి పెట్టారు. ఇలాంటి కార్లకు వయసు మీదపడగానే పరీక్షలో బయటపడే లోపాలు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. టైరు గాడుల లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గడం, బ్రేకు డిస్కులు అరగడం, సస్పెన్షన్ బుష్‌లు వదులవడం, కాయిల్ స్ప్రింగు విరగడం, దీపాలు పనిచేయకపోవడం వాటిలో ముఖ్యమైనవి. శీతాకాలంలో రోడ్లపై మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు గనుక కారు అడుగుభాగానికి తుప్పు పట్టే ప్రమాదం కూడా ఉంది. ఇవన్నీ కంటికి కనిపించేవి, చిట్టాకు ఎక్కేవి.

చిట్టాకు ఎక్కనివే బరువైన ఖర్చులు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్సుల స్థితి ఈ పరీక్ష పరిధిలోకి రాదు. రెండో తరం కష్కాయ్‌లో వాడిన 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్‌లలో కొన్ని ఆయిల్‌ను అతిగా తాగుతాయన్న ఫిర్యాదులు ఉన్నాయి. కనుక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే ఆయిల్ మట్టం చూడాలి. స్టార్టు చేయగానే టైమింగ్ చెయిన్ గలగలమంటుందేమో చెవి పెట్టి వినాలి. సీవీటీ ఆటోమేటిక్ గేరున్న కారైతే కొంతసేపు నడిపి, కదిలేటప్పుడూ ఎత్తు ఎక్కేటప్పుడూ వణుకుతుందేమో గమనించాలి. డీజిల్ కారులో పొగలోని మసిని పట్టే వడపోత ఒకటి ఉంటుంది. ఊళ్ళో చిన్నచిన్న దూరాలకే తిప్పితే అది మూసుకుపోతుంది. బాగుచేయించడం ఖరీదని దానిని పీకేసినవారున్నారు. అలా పీకేసిన కారు 2014 నుండి పరీక్షలో తప్పుతుంది. రోజూ బడికీ బజారుకీ మాత్రమే వెళ్ళే కుటుంబానికి డీజిల్ కారు తగదని మా అభిప్రాయం. ఏ కారైనా తనకు తెలిసిన మెకానిక్‌కు చూపించకుండా బయానా ఇవ్వరాదు. పరీక్ష పత్రం ఆ ఒక్కరోజుకు సాక్ష్యం మాత్రమే. మరునాటికి అది పూచీ పడదు.

చట్టం ఎంతవరకు తోడ్పడుతుందో కూడా తెలుసుకోవాలి. డీలరు వద్ద కొన్నప్పుడు, కారులో కొనేనాటికే ఉన్న తీవ్రమైన లోపం బయటపడితే, 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం 30 రోజులలోగా కారు తిరిగిచ్చి డబ్బు పొందే హక్కు ఉంది. వ్యక్తి నుండి నేరుగా కొంటే ఈ రక్షణ లేదు. అమ్మేవాడు అబద్ధం చెప్పరాదు, వర్ణించినట్లుగా కారు ఉండాలి. కానీ అడగని లోపాన్ని తానుగా చెప్పవలసిన బాధ్యత సాధారణంగా అతనిపై ఉండదు. కాబట్టి అడగవలసినవన్నీ అడిగి, జవాబులు రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఇక్కడ చట్టానికీ ధర్మానికీ మధ్య ఉన్న దూరాన్ని మరువరాదు. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వేళ్ళకు లోపలి తడి తగిలిన సంఘటన మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ఆ వ్యాపారిని నిలదీశారు. తెలిసిన లోపాన్ని కొనేవాడు అడగకపోయినా చెప్పడం అమ్మేవాని విధి. దాచి అమ్మితే సరుకు తిరిగిచ్చే హక్కు కొనేవానికి ఉందని మన ధర్మవేత్తలు నిర్ణయించారు.

ఈ మాట కొనేవారికంటే అమ్మేవారికే ఎక్కువ వర్తిస్తుంది. నేడు కారు కొన్న మన పిల్లవాడే రెండేళ్ళకు వీసా ముగిసో, ఉద్యోగం మారో దానిని అమ్ముతాడు. విమానం టికెట్టు చేతిలో ఉంటుంది, తొందర ఉంటుంది. కొనడానికి వచ్చేవాడు తరచుగా మరో కొత్త విద్యార్థే. పరీక్ష చిట్టాను చూపుతూ, "కారు పాసైంది, కానీ ఎత్తు ఎక్కేటప్పుడు గేరు వణుకుతుంది" అన్న ఒక్క వాక్యం చెబితే ధర కొంత తగ్గవచ్చు. చెప్పకపోతే ఆ మరమ్మతు ఖర్చు మరొక ఇంటి తల్లిదండ్రులు పంపిన డబ్బులోంచి పోతుంది. కొనేటప్పుడు ఏమి చూడాలో బిడ్డలకు చెప్పే పెద్దలు, అమ్మేటప్పుడు ఏమి చెప్పాలో కూడా అదే ఫోనులో చెప్పాలని మా మనవి.