నీరసమంటే నమ్మరేం?

ఆడదాని నీరసానికి మన ఇళ్లలో చాలా పేర్లున్నాయి. బద్ధకం, సుఖం ఎక్కువవడం, వయసు మీద పడటం. ఏడాదిపాటు ఆ పేర్లన్నీ నాకు దక్కాయి. జుట్టు రాలుతోందన్నా, ఎండాకాలంలో కూడా చలిగా ఉంటోందన్నా, తిన్నా తినకపోయినా ఒళ్లు వస్తోందన్నా ఒకటే జవాబు: "మాకు లేవా ఏంది ఇవన్నీ!"

చివరికి మా పినపాక నుంచి మణుగూరు వెళ్లి రక్తపరీక్ష చేయించుకున్నాను. చేతికిచ్చిన కాగితంలో టీఎస్‌హెచ్ పక్కన 18 అని ఉంది. అది సుమారు 4 లోపు ఉండాలట. ఆ అంకె చూశాక ఇంట్లో అందరూ నా మాట నమ్మారు! మనిషి ఏడాది చెబితే వినని వాళ్లు కాగితం చెబితే నిమిషంలో విన్నారు. జబ్బు కన్నా నాకు ఇదే ఎక్కువ బాధ కలిగించింది.

కాగితం ఇచ్చినవాళ్లు మాత్రం దాని అర్థం చెప్పలేదు. డాక్టరుగారు చెప్పాకే తెలిసింది. మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తే, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని తరుముతూ టీఎస్‌హెచ్‌ని ఎక్కువగా వదులుతుంది. అందుకే థైరాయిడ్ పని తగ్గినకొద్దీ ఈ అంకె పెరుగుతుంది. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రకటించిన అధ్యయనంలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి ఈ లోపం కనిపించింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ.

ఇంత మందికి ఉన్నా దాపరికం పోలేదు. "పెళ్లి కావలసిన పిల్ల, ఎక్కడా అనకండి" అంటారు. పరగడుపున, టీ తాగడానికి అరగంట, గంట ముందు రోజూ వేసుకోవలసిన మాత్ర అది. అత్తగారింట్లో దాచుకుని వేసుకుంటే వేళకు ఎట్లా పడుతుంది? పైగా కడుపుతో ఉన్న మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి థైరాయిడ్ హార్మోనే ఆధారం. సంబంధం తప్పిపోతుందని దాచిన జబ్బుకు రేపు ఆ పసివాడు మూల్యం చెల్లించాలా?

2021లో కొత్తగూడెంలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రం తెరిచాక, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే అక్కడికి పంపి ఉచితంగా పరీక్షించే ఏర్పాటు వచ్చింది. నీరసం నెలల తరబడి వదలకపోతే "థైరాయిడ్ కూడా చూడండి" అని డాక్టరును మనమే అడుగుదాం. కాగితంలో ఏముందో అర్థమయ్యేదాకా అడుగుదాం. మాత్ర మొదలుపెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకుందాం. బాగుందనిపించిందని మనంతట మనమే మానేయవద్దు.

అత్తలకూ, భర్తలకూ ఒక్క మాట. ఇంట్లో ఆడపిల్ల ఒంట్లో బాగాలేదంటే పరీక్షకు తోడు వెళ్లండి. కాగితం వచ్చేదాకా ఆగకుండా ఆ పూట ఆమె చేతిలో పని అందుకోండి. ఏమంటారు?